ధవళేశ్వరము: దారి నడుమ వైద్యము

రాజమహేంద్రవరమునుండి దక్షిణముగా నేటిగట్టు వెంబడి నాలుగైదు మైళ్లు పోయిన ధవళేశ్వరము వచ్చును. పాపికొండల నడుమ నిఱుకున బడి సుడులు తిరిగి వచ్చిన గోదావరి యిచ్చట విశాలమై, లంకలను చుట్టుకొని, గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పాయలై సముద్రము వైపు సాగిపోవును. గట్టునకు చేరువనే కొండ. కొండమీద జనార్దనస్వామి యాలయము. గోదావరీతీరమందలి నవజనార్దన క్షేత్రములలో నిది మొదటిదని పెద్దలు చెప్పుదురు. మెట్లెక్కి పైనుండి చూచిన నొకవైపు మహానది, వేఱొకవైపు పచ్చని చేలు, వాని నడుమ తీగవలె సన్నగా సాగిన కాలువ కన్నులపండువు చేయును.

ఈ యూరిపేరు దేశమంతట తెలియుటకు కారణ మానకట్ట. ఆర్థరు కాటను దొరగారు 1847వ సంవత్సరమున పని ప్రారంభించి 1852 నాటికి ముగించిరి. రాయి యిచ్చటి కొండనుండియే తీసిరి. పనివాండ్రను కూడదీసి నడపుటలో వీణెం వీరన్నగారు వారికి కుడిభుజమై యుండిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నా యానకట్ట నదికి అడ్డముగా నిలిచి, వఱపులకును వరదలకును బలియైన సీమను అన్నపూర్ణగా మార్చినది. దానికి బదులుగా కట్టిన నేటి బ్యారేజి 1982లో పూర్తియైనది. దానికి 175 తలుపులు కలవు. గట్టుమీద కాటను దొరగారి పేర నొక ప్రదర్శనశాలయు కలదు. పిల్లలను తీసికొనిపోయి చూపదగిన స్థలము.

సోదరీమణులారా! ఆనకట్టను చూచి వచ్చినవా రందఱును నీటి సొగసును వర్ణింతురు. ఈ వ్యాసమున నేను మనవి చేయదలచినది నీటిని కొలుచు కొలబద్దను గూర్చి. వరదకాలమున ధవళేశ్వరముకడ నీటిమట్టము 11.75 అడుగులు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక చేయుదురు, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఎగువ భద్రాచలమున నీరు పెరిగినదన్న వార్త యా నీటికంటె ముందుగనే యిచ్చటికి చేరును. ఏ హెచ్చరికకు ఏ యుద్యోగి యెచ్చట నుండవలెనో, ఏ లంకకు పడవలు పోవలెనో, ముందుగా వ్రాసి పెట్టుకొని యుందురు. 1986వ సంవత్సరము ఆగస్టు నెలలో సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీ రీ బ్యారేజిమీదుగా పోయినది. అట్టి దినమున తలుపులెత్తుట నేర్చుకొనెదనన్నవాడు దేనికి పనికివచ్చును? ఆపదను గెలుచువిద్య ఆపదకు ముందే యలవడవలెను. ధవళేశ్వర మందఱకు నేర్పు పాఠ మిదియే.

ఈ పాఠము వైద్యమునకును చెందినదే. కాటను దొరగారు తవ్వించిన కాలువలు చేలకు నీరిచ్చుటకే గాక పడవల రాకపోకలకు గూడ నేర్పడినవి. నది మట్టమునుండి కాలువ మట్టమునకు పడవను దించుటకు లాకులు కట్టిరి. పూర్వకాలమున కాకినాడనుండి యేలూరు మీదుగా, బకింగుహాము కాలువవెంట చెన్నపట్టణము వఱకు పడవమీదనే పోవచ్చును. బియ్యమును, బెల్లమును, పెండ్లివారును, పురిటికి పుట్టింటికి పోవు పడుచులును ఆ పడవలలోనే ప్రయాణము చేసిరి. రాత్రివేళ నట్టనడి కాలువలో నొకరికి వాంతులు పట్టుకొన్నను, నొప్పులు వచ్చినను వైద్యుని కొఱకు కబురంపుట కవకాశ మెక్కడిది? పడవలో నున్నవారే దిక్కు. వారిలో పురుడు పోసిన అనుభవముగల ముసలమ్మ యొకతె యున్న నదియే భాగ్యము.

కాలువ పడవల కాలము గడచినను లంకల యవస్థ పూర్తిగా తీరలేదు. వరద వచ్చినప్పుడు కోనసీమ లంకలకు బాటలు మునిగిపోవును, పడవయే శరణ్యము. అందుచేత నీరు పెరుగకమునుపే నెలలు నిండిన గర్భిణుల జాబితాలు చూచి, వారిని గట్టుమీది యాసుపత్రులకు చేర్చుచున్నారు. ఊరూర తిరుగు ఆశా కార్యకర్తలును, నర్సులును ఈ పనిలో ముందుందురు. పడవలో నెక్కించుకొను మందులసంచిలో నేమి యున్నదో యెఱిగి, ఊగెడు పడవలో సూది వేయగల నేర్పు సంపాదించిన నర్సు, పట్టణమందలి పెద్ద యాసుపత్రిలో నన్ని సదుపాయముల నడుమ పనిచేయు నర్సుకంటె నొక విద్య యెక్కువ నేర్చినదని చెప్పవచ్చును. వైద్యము తెలిసియుండుట వేఱు. దారి నడుమ వైద్యము చేయ సిద్ధపడియుండుట వేఱు.

ఇప్పుడు మన గోదావరి కుటుంబముల దారి యాకాశమునకెక్కినది. రాజమహేంద్రవరమునకు ఉత్తరమున మధురపూడికడ విమానాశ్రయ మున్నది. అమెరికాలో కొమార్తె పురిటికని అరువదియేండ్లు దాటిన తల్లి, భాష రాకున్నను, కాగితముమీద వ్రాయించుకొన్న నాలుగు మాటలతో నొంటరిగా విమానమెక్కుచున్నది. రెండు గోదావరి సీమల పల్లెలనుండి యెందఱో స్త్రీలు ఇంటిపనికై కువైటు మొదలగు దేశములకు పోవుచున్నారు. హైదరాబాదునుండి అమెరికా చేరుటకు, నడుమ విమానము మారి, ఒక పగలును ఒక రాత్రియు పట్టుచున్నది. అందులో కొంతభాగము క్రింద సముద్రమే. ఆ వేళ నొక తల్లికి గుండె బరువెక్కిన నేమి గతి? ప్రాత పడవప్రశ్నయే యిది. పడవ మాత్రము మారినది.

విమానములో శరీరమున కేమి జరుగునో ముందు తెలిసికొందము. విమానము ముప్పదియైదువేల అడుగుల యెత్తున ఎగురుచున్నను, లోపలి గాలిని యంత్రములచే నొత్తిపట్టి, ఆఱువేలు మొదలు ఎనిమిదివేల అడుగుల యెత్తుగల కొండమీది గాలివలె నుంచెదరు. అనగా, కూర్చున్నచోటనే మనము ఉదకమండలము వంటి కొండ యెక్కినట్లు. ఆరోగ్యవంతులకు దీనివలన బాధ లేదు. కాని రక్తమందలి ప్రాణవాయువు కొంత తగ్గును. గుండెజబ్బును, ఉబ్బసమును, రక్తహీనతయు గలవారి కా కొంచెమే భారమగును. అంతియేగాక, యెత్తునకు పోయినకొలది శరీరములో చిక్కియున్న గాలి యుబ్బును. ఇంచుమించు మూడవవంతు పెరుగును. ఇటీవల కడుపునకు గాని కంటికి గాని శస్త్రచికిత్స జరిగినవారిని వైద్యుని యడుగకుండ విమాన మెక్కవద్దనుట యందుచేతనే. గాలిలో తేమ మిక్కిలి తక్కువ, నోరెండును. గంటలకొలది కదలక కూర్చున్నచో కాళ్లనరములలో రక్తము గడ్డకట్టు భయమును కలదు.

ఎవరికైన నకస్మాత్తుగా జబ్బు చేసిన, "ప్రయాణికులలో డాక్టరెవరైన నున్నారా?" యని విమానపరిచారిక ప్రకటించును. 2022వ సంవత్సరము జూలై నెలలో ఢిల్లీనుండి హైదరాబాదునకు రాత్రివేళ వచ్చుచున్న విమానములో నట్టి ప్రకటన వినబడినది. లేచినవారు అప్పటి తెలంగాణ గవర్నరు తమిళిసై సౌందరరాజన్ గారు. వారు వైద్యవిద్య నభ్యసించినవారు. పదవిని ప్రక్కనబెట్టి, అస్వస్థుడైన సాటిప్రయాణికుని సీటుకడకు పోయి, పరీక్షించి, ప్రథమచికిత్స చేసి, ధైర్యము చెప్పిరి. విమానము దిగిన పిమ్మట నాతడు ఆసుపత్రి చేరెను. నాటి పత్రికలన్నియు దీనిని ప్రకటించినవి. స్త్రీలమైన మన కిది గర్వకారణము. కాని విద్యగలవారు తోడనుండుట ప్రతిమాఱును అదృష్టమునకే వదలదగిన విషయమా?

ఇట్టి యాపద లెంత తఱచు? అయిదు విమానసంస్థల ప్రయాణములలో 2008 జనవరి మొదలు 2010 అక్టోబరు వఱకు జరిగిన పదునొకండువేల తొమ్మిదివందల యిరువది సంఘటనలను పరిశీలించి, 2013లో నొక ప్రసిద్ధ అమెరికా వైద్యపత్రిక ప్రకటించినది. దాని ప్రకారము 604 ప్రయాణములకొక్కసారి ఇట్టి యవసరము కలుగుచున్నది. అందు నూటికి 37 సొమ్మసిల్లుటయో, సొమ్మసిల్లబోవుటయో. 12 ఊపిరి బాధలు. తొమ్మిది పది వాంతులు, వికారము. సహాయమునకు వచ్చినవారిలో ప్రయాణికులైన డాక్టరులు నూటికి 48, నర్సులు 20. విమానమును దారి మళ్లించి దింపవలసివచ్చినవి నూటికి ఏడు మాత్రమే. మరణములు వేయింటికి మూడు. ఈ లెక్కలు భయమును కలిగింపవు, ధైర్యమునే యిచ్చును. చాలభాగము, తెలిసినవా రొక్కరున్న సర్దుకొను జబ్బులే.

అట్లయిన నెంతో చదివిన డాక్టరు లేచిన చాలదా? చాలదు. భూమిమీద చదివిన చదువు ఆకాశమున తడబడును. ఇంజను మ్రోతలో స్టెతస్కోపునకు గుండెచప్పుడు సరిగా వినబడదు. రక్తపుపోటును నాడిపట్టి చూడవలసివచ్చును. సీట్ల నడుమ నిద్దఱు నిలువ చోటు లేదు. రోగి నేలమీద పడిన ప్రక్కన మోకరిల్లుటకు స్థలముండదు. సాటివా రెవరో తెలియదు, రోగి పూర్వచరిత్ర తెలియదు, ఒక్కొకప్పుడు భాషయు తెలియదు. లేచిన డాక్టరు కంటివైద్యుడో, చర్మవైద్యుడో కావచ్చును. గుండెజబ్బు చూచి యిరువదియేండ్లై యుండవచ్చును. మందులపెట్టె యెచ్చటనున్నదో, అందేమున్నదో యెఱుగడు. "నే నేమైన చేసి చెడిన నింద నాపై బడునేమో" యను జంకొకటి. ఈ జంకు తీర్చుటకే అమెరికాలో 1998లో నొక చట్టము చేసిరి. మంచిమనస్సుతో సహాయము చేసిన వైద్యునిపై, ఘోరమైన యశ్రద్ధ యున్నప్పుడు తప్ప, నష్టపరిహారపు దావాలు సాగనీయదు.

1995లో హాంగుకాంగునుండి లండనునకు పోవుచున్న విమానములో జరిగిన ఉదంతము వైద్యులలో ప్రసిద్ధము. విమానాశ్రయమునకు వచ్చుదారిలో మోటారుసైకిలుమీదనుండి పడిన యొక స్త్రీకి ప్రక్కటెముకలు విఱిగి, ఊపిరితిత్తి చుట్టును గాలి చేరినది. పైకెక్కినకొలది ఆ గాలి యుబ్బి ప్రాణాపాయమైనది. ఆంగస్ వాలేస్ అను శస్త్రవైద్యుడు తోటి వైద్యుని సాయముతో, కోటు తగిలించు ఇనుపతీగను బ్రాందీతో శుద్ధిచేసి, గొట్టములోనుంచి ఱొమ్ములోనికి పోనిచ్చి, నీళ్లసీసాను అమర్చి, ఆ గాలిని వెలికి తీసెను. ఆమె బ్రతికినది. ఇది విని మన మాశ్చర్యపడుదుము. అయితే ఆ నేర్పునకు మూలము తీగ కాదు. ఆకాశమున గాలి యుబ్బునన్న యెఱుక. ఆ యెఱుక వైద్యులందఱకు, నర్సులందఱకు నేర్పదగినది.

ఏమి నేర్పవలెను? ముందుగా, లేచినవారు తామెవరో, ఏ విద్య చదివిరో చెప్పి, రోగి యనుమతి పుచ్చుకొనవలెను. నిద్రమందు గాని, మద్యము గాని తీసికొన్నవారు దాని నావలనే చెప్పివేయవలెను. పిమ్మట విమానములోని మందులపెట్టెను, ప్రాణవాయువు బుడ్డిని, గుండెకు విద్యుత్తునిచ్చు యంత్ర మున్నచో దానిని అడుగవలెను. పెట్టెలో సాధారణముగా రక్తపుపోటు యంత్రము, సూదులు, సెలైను, ఆస్పిరిను, ఉబ్బసపు మందు, ఒంటికి పడనివి తిన్నప్పుడు వేయు సూదిమందు మొదలగున వుండును. సొమ్మసిల్లినవారిని పరుండబెట్టి, కాళ్లెత్తి, ప్రాణవాయువిచ్చి, చక్కెర తగ్గినదేమో చూడవలెను. గర్భవతియైనచో ఎడమప్రక్కకు ఒత్తిగిలజేయవలెను. గుండె యాగినచో ఆలసింపక, రోగిని నేలపై పరుండబెట్టి, ఱొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 మాఱులు గట్టిగా నొత్తవలెను. ప్రక్కన చోటులేనిచో తలవైపు మోకరిల్లి యొత్తుటయు నేర్చియుండవలెను. భూమిమీది వైద్యులతో విమానమునుండి మాటలాడు నేర్పాటు అనేక సంస్థలకు గలదు, దానిని కోరవలెను. విమానమును దింపుట దింపకుండుట కెప్టెను నిర్ణయము; వైద్యుడు సలహా మాత్ర మిచ్చును. జరిగినదెల్ల కాగితముమీద వ్రాసి, దిగిన పిమ్మట నాసుపత్రివారి కందజేయవలెను.

ఇవి పుస్తకమున చదివినంత మాత్రమున రావు, అభ్యాసము చేయవలెను. కొన్ని దేశముల వైద్యకళాశాలలలో విమానపు గదివంటి గది నమర్చి, బొమ్మ రోగిని కూర్చుండబెట్టి నేర్పుచున్నారు. మనకు విమానమక్కఱలేదు. రెండు వరుసల కుర్చీలు దగ్గఱగా వేసి, నడుమ మూరెడు దారి విడిచి, మోటారు మ్రోత పెట్టి, దీపము తగ్గించి, ఒక చిన్న సంచి మందులిచ్చి, "ఇప్పు డీమె యూపిరాడక బాధపడుచున్నది, ఏమి చేసెదవు?" యని యడిగిన చాలును. రాజమహేంద్రవరమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల 1958 మొదలు నడచుచున్నది. చుట్టుపట్ల నర్సులబడులకు కొదవ లేదు. వారికి ధవళేశ్వరముకంటె తగిన పాఠశాల యేది? ఇచ్చటి పడవయే వారి తరగతిగది. ఇఱుకు స్థలము, ఊగుడు, మ్రోత, కొద్ది మందులు, దూరపు గట్టు, అన్నియు నందే యున్నవి. లంకకు పోవు పడవలో గర్భిణికి సాయము చేయ నేర్చిన నర్సు, రేపు సముద్రముమీది విమానములోను వణకదు. ఒక్క యభ్యాసము వలన వరదలంకకును ఆకాశమునకును మేలు కలుగును.

ఈ పని స్త్రీలకు క్రొత్తది కాదు. 1930వ సంవత్సరము మే నెలలో అమెరికాలో ఎలెన్ చర్చ్ అను నర్సు ప్రపంచమున మొదటి విమానపరిచారిక యయ్యెను. ఆమెతో చేరిన మొదటి పరిచారికలును నర్సులే. ప్రయాణికులకు ధైర్యము కలుగవలెనన్న నర్సు తోడుండవలెనని ఆమె వాదించి ఒప్పించినది. రెండవ ప్రపంచయుద్ధమున నర్సులు సైన్యమునకు కావలసివచ్చు వఱకు ఆ నియమము నిలిచినది. కాఫీ యందించు చేతులే నాడి పట్టవలెనని ఆనాడే యొక స్త్రీ గ్రహించినది.

గృహిణులమైన మనమును కొంత సిద్ధపడవలెను. విమాన మెక్కు తల్లికి మందులన్నియు పెద్దపెట్టెలో గాక చేతిసంచిలోనే పెట్టవలెను. ఏ జబ్బున్నది, ఏ మందు లెన్నిమాఱులు వేసికొనును, ఏ మందు పడదు అను సంగతులు, వైద్యుని పేరు, కొమార్తె ఫోను నెంబరు ఒక కాగితముమీద ఇంగ్లీషులో వ్రాయించి యదే సంచిలో నుంచవలెను. చక్కెరవ్యాధి గలవారు గంటల తేడావలన మందు వేళలు మారునని వైద్యునడిగి తెలిసికొనవలెను. గంటకొకమా రైన లేచి నడువవలెను, నీరు త్రాగవలెను. గర్భవతులకు విమానసంస్థ కొక నియమ ముండును. సామాన్యముగా ముప్పదియాఱు వారములు దాటిన పిమ్మట నెక్కనీయరు, కవలలైన నింకను ముందే యాపుదురు. టిక్కెట్టు కొనకమునుపే కనుగొనవలెను. ఇంటిలో డాక్టరో, నర్సో యైన కొమార్తెయో, కోడలో యున్నచో, "అమ్మా, నీవు విమానములో నొకరికి ప్రాణముమీదికి వచ్చిన నేమి చేయుదువు?" అని యొక్కసారి యడిగి చూడుడు. ఆమె తడబడిన తప్పుపట్టవలదు, నేర్చుకొనుటకు ప్రోత్సహింపుడు.

ధవళేశ్వరమున కొలబద్దమీద మట్టములు వ్రాసినవారు వరదను ఆపగలమని వ్రాయలేదు. వచ్చినప్పుడు చేతులు కట్టుకొని నిలువరాదని వ్రాసిరి. ఆకాశమున పోవు మన తల్లులకును, చెల్లెండ్రకును అట్టి ముందుచూపు గల డాక్టరులును, నర్సులును ప్రతి దారిలోను తోడగుదురు గాక!